నలభై నిమిషాలు

మంగళవారం రాత్రి తొమ్మిదింటికి
టీవీలో నన్ను చూపిస్తారు.
నాకంటే నాలుగంగుళాలు పొడుగు.
నడుము నా జన్మలో లేనంత సన్నం.
పేరొక్కటి మార్చారు,
వెర్నా అన్నది మరీ ముసలి పేరనేమో.

ఈ వృద్ధాశ్రమంలో పక్క గదుల ఆడవాళ్ళంతా
కుర్చీలు ఈడ్చుకుంటూ నా గదికి చేరతారు.
యూనిస్ వినికిడి మిషను సరిచేసుకుని
"ఇదిగో, నువ్వే, నువ్వే" అని
ప్రతిసారీ మోచేత్తో పొడుస్తుంది.

గౌన్ల రంగులు బాగానే పట్టారు.
కంట్రోల్ రూము మాటలు వినిపించే పెట్టెను మాత్రం
మంచం పక్కన పెట్టారు, పూలకుండీతో సహా.
మా ఇంట్లో అది రొట్టెల డబ్బా మీద ఉండేది.
అంకెలు, గరగర, మళ్ళీ అంకెలు.
మధ్యలో ఎక్కడో మా ఆయన దగ్గితే
బతికే ఉన్నాడని
గిన్నెలు తోముకునేదాన్ని.

ఈ వారం ఐదో భాగం.
ట్రైనింగ్ విమానం కూలింది.
వయొలిన్లు లేచాయి.
నేను, అంటే ఆ పొడుగు పిల్ల,
పక్కింటి తలుపు తట్టగానే
ఆవిడ నా మొహంలోనే అంతా చదివేసి
నా భుజమ్మీద వాలిపోయింది.
రెండు నిమిషాలు. ఆ తర్వాత సబ్బు ప్రకటన.

యూనిస్ కళ్ళు తుడుచుకుంది.

అది అలా జరగలేదు.

ఆ రోజు పదకొండుంబావుకి నాకు ఫోను.
"ఆర్డిత్ దగ్గరికెళ్ళి కూర్చో.
అధికారి బయల్దేరాడు. ఆయన వచ్చేదాకా
రేడియో పెట్టనివ్వకు, ఫోను ఎత్తనివ్వకు.
నువ్వేమీ చెప్పకు."
చెప్పే హక్కు యూనిఫాంకే ఉందట.

టెక్సస్ ఎండ.
మా రెండిళ్ళ మధ్య పచ్చిక దాటడానికి
ఇరవై అడుగులు.
తలనిండా రోలర్లు, చేతిలో ఖాళీ కప్పు.
పంచదార అప్పుకొచ్చానని అబద్ధం.

ఆర్డిత్ నవ్వి కప్పు నింపింది.
కర్టెన్లు కుడుతోంది, నిమ్మపండు రంగువి.
"శుక్రవారం లైల్ వస్తాడు, ఆలోపు తగిలించాలి,
ఈ అంచు కాస్త పట్టుకో" అంది.
పట్టుకున్నాను.

నలభై నిమిషాలు
వాగాను.
చీమల మందు గురించి, చర్చి పిక్నిక్కు గురించి,
మా చిన్నాడు మింగిన బొత్తాం గురించి.
ఫోను మోగితే
"మోగనీలే, కుట్టు తప్పుతావు" అన్నాను.
బొత్తాం కథకి పడీ పడీ నవ్వింది.
ఆ నవ్వు ఆమెకి నేనిచ్చానా,
ఆమె దగ్గర దొంగిలించానా?
ఎనభై ఆరేళ్ళొచ్చాయి, ఇంకా తేలలేదు.

సూది దిగుతోంది, లేస్తోంది.
ఆ గదిలో ఒక భార్య ఉంది.
ఆమె భార్య కాదని
నాకొక్కదానికే తెలుసు.

వీధిలో కారు తలుపు చప్పుడు.

ఆమె కిటికీ వైపు చూడలేదు.
బల్ల మీద కప్పు వైపు చూసింది,
పట్టుకెళ్ళడం మరిచిన పంచదార వైపు.
తర్వాత నా రోలర్ల వైపు.
"ఎప్పట్నించీ తెలుసు, వెర్నా?"

ఆ ప్రశ్న టీవీలో లేదు.
కథ రాసిన కుర్రాడు ఫోనులో
రెండు గంటలు నన్ను గుచ్చి గుచ్చి అడిగాడు.
గౌన్ల గురించి చెప్పాను.

ఆగస్టులో ఆర్డిత్ ఇల్లు ఖాళీ చేసింది.
మా వీధిలో ఉండాలంటే
పైకి వెళ్ళే మొగుడుండాలి,
పైకి పోయినవాడు కాదు.
కర్టెన్లు కిటికీకే వదిలేసింది.
ఒకదానికి అంచు సగమే కుట్టి ఉంది,
గాలికి దారాలు ఊగేవి.
గిన్నెలు తోముకుంటుంటే కనిపించేది.
నా సింకు అటువైపే మరి.

"నిజంగా అలాగే ఏడ్చిందా పాపం?"
యూనిస్ అడిగింది, కుర్చీ మడుస్తూ.

అలాగే, అన్నాను.

వచ్చే మంగళవారం మా ఆయన నింగికెగురుతాడు.
ఆ పొడుగు పిల్ల
ఏ గౌను వేసుకుంటుందో చూడాలి.